తుపాకీ పేల్చినవారే పంచనామా రాస్తే

ఎన్‌కౌంటర్ జరిగిన రోజు స్థానిక పోలీస్‌స్టేషన్‌లో నమోదయ్యే ఎఫ్ఐఆర్ చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫిర్యాది కాల్పుల బృందంలోని అధికారే. నిందితుడి పేరు రాసే చోట ఉండేది అప్పటికే మార్చురీకి చేరిన మనిషి పేరు. నేరం హత్యాయత్నం, అంటే పాత శిక్షాస్మృతిలో 307వ సెక్షన్. చచ్చిపోయినవాడు పోలీసులను చంపబోయాడన్నది కేసు. కొన్నాళ్లకు దర్యాప్తు అధికారి కోర్టులో ఒక కాగితం పెడతాడు: నిందితుడు మరణించాడు కనుక కేసు మూసేయమని. కేసు మూతపడుతుంది. ఎవరు కాల్చారు, ఎంత దూరం నుంచి కాల్చారు, కాల్చక తప్పని పరిస్థితి నిజంగా వచ్చిందా అన్న ప్రశ్నలు ఆ ఫైలు గడప తొక్కవు.

ఇది ఎవరో ఆవేశంతో చేసిన ఆరోపణ కాదు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఇచ్చిన ఫిర్యాదులను 1996లో పరిశీలించిన జాతీయ మానవ హక్కుల కమిషన్ సరిగ్గా ఈ పద్ధతినే పట్టుకుని తప్పుపట్టింది. ఆ మరుసటి ఏడు, 1997 మార్చి 29న, కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ లేఖ రాశారు. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోయాడన్న సమాచారమే ఒక నేరం జరిగి ఉండవచ్చని అనుమానించడానికి చాలు, కాల్చింది ఏ స్టేషన్ వారైతే ఆ స్టేషన్ దర్యాప్తు చేయకూడదు, సీఐడీ లాంటి వేరే సంస్థకు అప్పగించాలి అన్నది అందులోని సారం. ఎన్‌కౌంటర్ల మీద దేశమంతటికీ వర్తించే తొలి నియమాలు అలా తెలుగు నేల మీది చావుల నుంచే పుట్టాయి.

ఈ నేలకు ఆ చరిత్ర పాతదే. ఎమర్జెన్సీ మొదలైన నెలలోపే, 1975 జులైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎమర్జెన్సీ ముగిశాక జయప్రకాశ్ నారాయణ్ చొరవతో వి.ఎం. తార్కుండే నాయకత్వాన ఒక పౌర కమిటీ వచ్చి ఊళ్లు తిరిగింది, బంధువులను, సాక్షులను కలిసింది, అవి ఎదురుకాల్పులు కావని తేల్చింది. దాంతో ప్రభుత్వం జస్టిస్ వశిష్ట భార్గవతో కమిషన్ వేయక తప్పలేదు. న్యాయవాది కె.జి. కన్నబిరాన్ బాధితుల తరఫున సాక్షులను ప్రవేశపెట్టారు. విచారణను బహిరంగంగా కాక మూసిన తలుపుల వెనక నడపాలని ప్రభుత్వం పట్టుబట్టేసరికి ఆ కమిషన్ మధ్యలోనే ఆగిపోయింది.

ఆ తర్వాత పాతికేళ్లకు పైగా, రాజ్యం చేయాల్సిన దర్యాప్తు నిజనిర్ధారణ కమిటీల నెత్తిన పడింది. వాటిలో ఉన్నది లెక్చరర్లు, వకీళ్లు, డాక్టర్లు. చేతిలో సమన్లు జారీ చేసే అధికారం లేదు, ఫోరెన్సిక్ లేబొరేటరీ లేదు. ఉన్నదల్లా ఒక నోటుపుస్తకం, బస్సు ఛార్జీలు. ఊరివాళ్లను అడిగేవారు: మనిషిని ఎప్పుడు పట్టుకెళ్లారు, ఎవరు చూశారు, కాల్పుల చప్పుడు ఎన్నిసార్లు వినిపించింది, శవం మీద గాయాలు ఎక్కడెక్కడున్నాయి. ఈ పనికి మూల్యం కూడా చెల్లించారు. పౌరహక్కుల సంఘం నాయకుడు, పిల్లల డాక్టర్ రామనాథంను 1985 సెప్టెంబరులో వరంగల్‌లోని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు.

నాణేనికి రెండో వైపును దాచడం నిజాయితీ కాదు. అవే దశాబ్దాల్లో పోలీసులూ చచ్చారు. ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను 1993 జనవరిలో హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో నక్సలైట్లు కాల్చి చంపారు. 1999 సెప్టెంబరులో మరో ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్రను పట్టపగలు ఎస్ఆర్ నగర్ కూడలిలో చంపారు. మందుపాతరలకు బలైన కానిస్టేబుళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు. కాబట్టి ఎదురుకాల్పులన్నీ బూటకం అనేవారి వాదన నిలవదు. ఏది నిజమో ఏది బూటకమో తేల్చేదెవరు అన్నదే అసలు చిక్కు. నిజంగా ప్రాణాపాయంలో కాల్చిన కానిస్టేబుల్‌కు కూడా, తన శాఖ రాసుకున్న కాగితం కంటే బయటివాళ్లు ఇచ్చిన తీర్పే ఎక్కువ రక్ష.

2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ చిక్కుముడిని సూటిగా విప్పింది. పోలీసుల చేతిలో మనిషి చనిపోతే కాల్చినవారి మీద ఎఫ్ఐఆర్ నమోదు కావాలి. ఆత్మరక్షణ కోసమే కాల్చామన్న మాట నిజమో కాదో తేల్చేది దర్యాప్తు అధికారి కాదు, విచారణ జరిపే కోర్టు. పోలీసులు కేసు మూసేయమని నివేదిక ఇచ్చినా మెజిస్ట్రేటు దానికి కట్టుబడనక్కర్లేదు. ఇందులో వింతేమీ లేదు. పొలం గట్టు తగాదాలో ఆత్మరక్షణ కోసం గొడ్డలి ఎత్తానని రైతు చెబితే, దాన్ని రుజువు చేసుకోవాల్సింది కోర్టులో ఆ రైతే అని సాక్ష్యాధారాల చట్టం ఏనాడో చెప్పింది. ఖాకీ చొక్కాకు అందులో మినహాయింపు రాసిలేదు. అయినా పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. నెల తిరగకుండానే తీర్పు అమలు ఆగిపోయింది.

సుప్రీంకోర్టు తన మాట చెప్పడానికి 2014 సెప్టెంబరు 23 దాకా పట్టింది. 1995 నుంచి 1997 వరకు ముంబైలో జరిగిన 99 ఎన్‌కౌంటర్ల మీద పౌర స్వేచ్ఛల సంఘం పీయూసీఎల్ వేసిన కేసు అది. ప్రధాన న్యాయమూర్తి ఆర్.ఎం. లోధా, జస్టిస్ రోహింటన్ నారిమన్ పదహారు నియమాలు ఇచ్చారు. ఎఫ్ఐఆర్ నమోదు కావాలి. సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ దర్యాప్తు చేయాలి. పోస్టుమార్టం ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీడియో తీయాలి. కాల్చిన ఆయుధాలను పరీక్షకు అప్పగించాలి. మెజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. వెంటనే పతకాలు, పదోన్నతులు ఇవ్వకూడదు. చదవడానికి ముచ్చటైన జాబితా. కానీ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ధర్మాసనం తేల్చిన ఒక ముఖ్య విషయాన్ని ఇది తేల్చలేదు: ఎఫ్ఐఆర్ ఎవరి మీద? ఆ ఖాళీలోంచే పాత అలవాటు మళ్లీ దూరింది. చనిపోయినవాడి మీద 307 కేసు రాసి, ‘ఎఫ్ఐఆర్ నమోదు చేశాం, సుప్రీంకోర్టు చెప్పినట్టే చేశాం’ అనడం మొదలైంది.

రెండో లోపం ఇంకా లోతైనది. పక్క స్టేషన్ ఇన్‌స్పెక్టరైనా, సీఐడీ డీఎస్పీ అయినా జీతం తీసుకునేది అదే శాఖలో, బదిలీ అయ్యేది అదే డీజీపీ సంతకంతో. ఈ ఏడాది దర్యాప్తు చేసినవాడు వచ్చే ఏడాది కాల్చిన అధికారి కిందే పనిచేయాల్సి రావచ్చు. దీన్ని స్వతంత్ర దర్యాప్తు అనడానికి కొంచెం ధైర్యం కావాలి.

తీర్పు వచ్చి ఏడాది తిరక్కుండానే, 2015 ఏప్రిల్ 7న, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒకేరోజు రెండు ఘటనలు జరిగాయి. చిత్తూరు జిల్లా శేషాచలం అడవిలో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో ఇరవై మంది తమిళ కూలీలు చనిపోయారు. నల్గొండ జిల్లా ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు పోలీసు వ్యానులోనే చనిపోయారు. బేడీలతో సీట్లకు కట్టేసి ఉన్న మృతదేహాల ఫొటోలు మర్నాడు పత్రికల్లో వచ్చాయి. రెండు ప్రభుత్వాలూ చెరొక సిట్ వేశాయి. రెండింటికీ నాయకత్వం వహించింది ఆయా రాష్ట్రాల ఐపీఎస్ అధికారులే. శేషాచలం కూలీల కుటుంబాలకు తలా ఐదు లక్షల మధ్యంతర పరిహారం ఇవ్వాలనీ, కేసు సీబీఐకి అప్పగించాలనీ మానవ హక్కుల కమిషన్ సిఫార్సు చేసింది. కమిషన్‌కు ఉన్న అధికారం అంతవరకే. సిఫార్సు చేయగలదు, ఛార్జిషీటు వేయలేదు.

చాటన్‌పల్లి కథ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఎందుకంటే అక్కడ దర్యాప్తు నిజంగానే పోలీసు శాఖ చేయి దాటింది. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య దేశాన్ని కుదిపేశాయి. అరెస్టయిన నలుగురు డిసెంబరు 6 తెల్లవారుజామున, షాద్‌నగర్ సమీపంలోని చాటన్‌పల్లి దగ్గర బెంగళూరు హైవే వంతెన పక్కన, పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆధారాల కోసం తీసుకెళ్తే తుపాకులు లాక్కున్నారు, కళ్లలో మట్టి కొట్టారు, అందుకే కాల్చాం అని పోలీసులు చెప్పారు. జనం వంతెన మీద నుంచి పోలీసులపై పూలు చల్లారు. టపాకాయలు పేల్చారు. 2008లో వరంగల్ యాసిడ్ దాడి కేసులో ముగ్గురు నిందితులు మామునూరు దగ్గర చనిపోయినప్పుడు ఉన్న ఎస్పీయే ఈసారి సైబరాబాద్ కమిషనర్ అని గుర్తుచేసుకుని మరీ మెచ్చుకున్నారు. ఆ పూలరేకులు పడ్డ చోటే సాక్ష్యం సేకరించాల్సిన నేల కూడా అని ఎవరికీ తట్టలేదు.

ఆరు రోజులకే సుప్రీంకోర్టు రంగంలోకి దిగింది. హైకోర్టులోనూ, మానవ హక్కుల కమిషన్ దగ్గరా నడుస్తున్న విచారణలను ఆపి, తన మాజీ న్యాయమూర్తి వి.ఎస్. సిర్పుర్కర్, బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి రేఖా సొందూర్ బల్దోటా, సీబీఐ మాజీ డైరెక్టర్ డి.ఆర్. కార్తికేయన్‌లతో కమిషన్ వేసింది. గడువు ఆరు నెలలు. కొవిడ్ అడ్డొచ్చి రెండేళ్లు దాటింది. 2022 జనవరిలో నివేదిక అందింది. దాన్ని సీల్డ్ కవర్లోనే ఉంచాలన్న తెలంగాణ ప్రభుత్వ వాదనను ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం ఒప్పుకోలేదు. మే 20న అది బయటికొచ్చింది.

నివేదిక మాటల్లో నీళ్లు నమలలేదు. తుపాకులు లాక్కోవడం, మట్టి కొట్టడం అన్న కథ నమ్మదగింది కాదంది. చనిపోవాలన్న ఉద్దేశంతోనే కాల్చారంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఆ సమయానికి మైనర్లని తేల్చింది. పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని చెప్పింది. నిజనిర్ధారణ కమిటీలు నాలుగు దశాబ్దాలుగా నోటుపుస్తకాల్లో రాస్తూ వచ్చిన మాటను సుప్రీంకోర్టు నియమించిన కమిషన్ అధికారికంగా రాసింది.

ఆపైన ఏమైంది? కేసు తెలంగాణ హైకోర్టుకు చేరింది. నివేదికను సవాలు చేస్తూ పోలీసుల పిటిషన్లు, అమలు చేయమంటూ ఇతరుల పిటిషన్లు, వాయిదాలు. అక్కడే ఏళ్లు గడిచాయి. దీనికి న్యాయమూర్తులనో న్యాయవాదులనో నిందించి లాభం లేదు, లోపం కమిషన్ అన్న ఏర్పాటులోనే ఉంది. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం కమిషన్ కనుగొన్న విషయాలు సిఫార్సులే, తీర్పు కావు. ఆ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం కమిషన్ ముందు ఒక సాక్షి చెప్పిన మాటను ఆ సాక్షికి వ్యతిరేకంగా క్రిమినల్ కేసులో వాడటానికి వీల్లేదు. అంటే రెండేళ్ల శ్రమలో అధికారుల నోట రాబట్టిన పొంతనలేని మాటలు కోర్టు బోనులో చెల్లవు. ఆధారాలన్నీ మళ్లీ మొదటి నుంచి సేకరించాలి. ఆ పని చేసే దర్యాప్తు అధికారి ఎవరు? పోలీసే.

మన దగ్గర విచారణలకు కరువు లేదు. ఆర్డీవో విచారణ, మెజిస్ట్రేటు విచారణ, సీఐడీ, సిట్, మానవ హక్కుల కమిషన్, న్యాయ కమిషన్, అప్పుడప్పుడు సీబీఐ. కరువల్లా తేలిన నిజాన్ని ఛార్జిషీటుగా మలచి, సొంత ప్రాసిక్యూటర్‌తో కోర్టులో నిలబడి వాదించే సంస్థకే. ఈ వ్యాసం వాదన ఇదే: స్వతంత్ర దర్యాప్తు గురించి మనం చాలా మాట్లాడాం, స్వతంత్ర ప్రాసిక్యూషన్ గురించి దాదాపు మాట్లాడలేదు.

విచారణ సంఘం పోలీసులను తప్పుపట్టి తీరుతుందనుకోవడమూ పొరపాటే. 2010 జులైలో ఆదిలాబాద్ అడవిలో మావోయిస్టు నాయకుడు ఆజాద్, జర్నలిస్టు హేమచంద్ర పాండే చనిపోయినప్పుడు, గణతంత్రం తన బిడ్డలనే చంపుకోవడాన్ని అనుమతించలేమని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించి సీబీఐ దర్యాప్తు వేసింది. సీబీఐ మాత్రం అది నిజమైన ఎదురుకాల్పులేనంది. 2020లో ఉత్తరప్రదేశ్‌లో వికాస్ దూబే మరణంపై జస్టిస్ బి.ఎస్. చౌహాన్ కమిషన్ పోలీసుల కథనాన్ని కాదనడానికి ఎవరూ ముందుకు రాలేదని రాసి వదిలేసింది. ఎదుటిపక్షం లేని కేసులో పోలీసు కథే గెలుస్తుంది. పేదవాడి కుటుంబానికి వకీలు దొరకడమే కష్టం, అధికారులపై ప్రమాణపత్రం వేసే ధైర్యం ఇంకా కష్టం.

అలాంటి ధైర్యం ఉన్నచోట ఏమవుతుందో ముంబై లఖన్ భయ్యా కేసు చూపించింది. 2006 నవంబరులో అతన్ని పోలీసులు పట్టుకెళ్లారని తెలియగానే, వకీలైన సోదరుడు అధికారులకు టెలిగ్రాములు పంపాడు. అప్పటికింకా ఎన్‌కౌంటర్ జరగలేదు. ఆ టెలిగ్రాముల మీద పడ్డ సమయం ముద్ర పోలీసుల కథను పడగొట్టింది. హైకోర్టు ఆదేశంతో మెజిస్ట్రేటు విచారణ, తర్వాత సిట్ వచ్చాయి. 2013లో పదముగ్గురు పోలీసులకు యావజ్జీవ శిక్ష పడింది. అప్పట్లో నిర్దోషిగా బయటపడ్డ ‘ఎన్‌కౌంటర్ స్పెషలిస్టు’ ప్రదీప్ శర్మకు 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు యావజ్జీవం వేసింది. పదిహేడేళ్లకు పైనే. అదీ చట్టం తెలిసిన సోదరుడు వదలకుండా పట్టుకుంటే. 1991లో యాత్రికుల బస్సులోంచి సిక్కులను దింపి కాల్చేసిన ఉత్తరప్రదేశ్ పిలిభీత్ కేసులో 47 మంది పోలీసులకు శిక్ష పడటానికి పాతికేళ్లు పట్టింది. తర్వాత అక్కడి హైకోర్టు ఆ నేరాన్ని హత్య స్థాయి నుంచి తగ్గించి, 43 మందికి ఏడేళ్ల శిక్షగా మార్చింది. మణిపూర్‌లో 1,528 మరణాలపై పిటిషన్ పడితే, నమూనాగా తీసుకున్న ఆరింటిని జస్టిస్ సంతోష్ హెగ్డే కమిషన్ పరిశీలించి ఆరూ నిజమైన ఎన్‌కౌంటర్లు కావంది. అక్కడ సీబీఐ సిట్ వేయించడానికి మరో నాలుగేళ్లు, 2017 దాకా, పట్టింది.

వేరే దేశాలు ఈ ముడిని వేరుగా విప్పాయి. కెనడాలోని ఒంటారియో 1990లోనే ఎస్ఐయూ అనే పౌర సంస్థను పెట్టింది. పోలీసుల వల్ల మరణమో తీవ్రగాయమో జరిగితే ఆ సంస్థకు తప్పక తెలపాలి. డైరెక్టరుగా ఉండేవారు పోలీసుగా పనిచేసి ఉండకూడదు. నేరం జరిగిందని నమ్మితే కేసు పెట్టే అధికారం ఆ డైరెక్టరుదే. 2013 జులైలో టొరంటో ట్రామ్‌కారులో కత్తితో ఉన్న ఓ యువకుడిని కానిస్టేబుల్ కాల్చి చంపాడు. తొమ్మిది తూటాలు పేలాయి. నెల తిరక్కుండానే ఎస్ఐయూ కేసు పెట్టింది. 2016లో జ్యూరీ అతన్ని హత్యానేరం నుంచి వదిలేసి, హత్యాయత్నం కింద దోషిగా తేల్చింది. ఆరేళ్ల శిక్ష పడింది. ఎస్ఐయూ మీద విమర్శలూ తక్కువేం కాదు: పరిశోధకుల్లో మాజీ పోలీసులు ఎక్కువ, ఛార్జిషీటు దాకా వెళ్లే కేసులు అతి కొద్ది.

ఇంగ్లండ్‌లో ఐఓపీసీ అనే స్వతంత్ర సంస్థ దర్యాప్తు చేస్తుంది, కేసు పెట్టాలో వద్దో ప్రభుత్వ ప్రాసిక్యూషన్ సంస్థ నిర్ణయిస్తుంది. 2022లో లండన్‌లో కారులో ఉన్న నల్లజాతి యువకుడిని కాల్చిన అధికారిపై హత్యకేసు నడిచి, 2024 అక్టోబరులో జ్యూరీ కొద్ది గంటల్లోనే అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. కేసు పెట్టినందుకు ఆయుధ పోలీసులు తుపాకులు వెనక్కిచ్చి నిరసన తెలిపారు కూడా. అయినా ఆ తీర్పు జనం ముందు, సాక్ష్యాల మీద వచ్చింది. నిర్దోషి అని వచ్చిన తీర్పుకు కూడా ఉన్న విలువ అదే.

అమెరికాలో పోలీసులతో రోజూ కలిసి పనిచేసే జిల్లా అటార్నీలే పోలీసులపై కేసు పెట్టాలి. ఆ ఇబ్బంది తెలిసే న్యూయార్క్ 2015లో గవర్నర్ ఆదేశంతో, తర్వాత చట్టంతో ఈ కేసులను రాష్ట్ర అటార్నీ జనరల్‌కు మళ్లించింది. మిన్నియాపొలిస్‌లో పోలీసు చేతిలో జార్జి ఫ్లాయిడ్ చనిపోయిన వారంలోపే మిన్నెసోటా అటార్నీ జనరల్ ప్రాసిక్యూషన్ తన చేతికి తీసుకున్నారు. ఏడాది తిరక్కుండా ఆ పోలీసు దోషిత్వం తేలింది. మన దగ్గర అడ్వకేట్ జనరల్ హైకోర్టులో ప్రభుత్వం తరఫున, అంటే చాలాసార్లు పోలీసు శాఖ తరఫున నిలబడాల్సినవారు కనుక ఆ పద్ధతి యథాతథంగా కుదరదు.

కుదిరేది మాత్రం ఉంది. పోలీసు శాఖ రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోని విషయం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలు తమంతట తామే చట్టం చేసుకోవచ్చు: హైకోర్టు సలహాతో నియమించే ఒక డైరెక్టరు, డీజీపీ కింద లేని పరిశోధకులు, ఆ సంస్థకే కట్టుబడిన ప్రాసిక్యూటర్లు, కాల్పులు జరిగిన గంటల్లోనే ఘటనాస్థలాన్ని స్వాధీనం చేసుకునే హక్కు. పోలీసుల పెత్తనం నుంచి ప్రాసిక్యూటర్లను విడదీయాలని సుప్రీంకోర్టు 1995లోనే షహానే కేసులో చెప్పింది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో పోలీసులపై ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు పెట్టమంది. చాలా రాష్ట్రాల్లో అవి ఆలస్యంగా వచ్చాయి. వచ్చినచోటా సొంత పరిశోధకులు లేక సిఫార్సులతోనే సరిపెడుతున్నాయి. ఫోరెన్సిక్ లేబొరేటరీలను కూడా హోంశాఖ నుంచి విడదీయకపోతే కొత్త సంస్థ చేతికి వచ్చేది పాత శాఖ పరీక్షించిన తూటాలే.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, అంటే నాగరిక్ సురక్షా సంహిత, ఒక అడ్డంకిని కొంత తగ్గించింది. ప్రభుత్వోద్యోగిని ప్రాసిక్యూట్ చేయడానికి ప్రభుత్వ అనుమతి కావాలన్న పాత 197 సెక్షన్ స్థానంలో 218 వచ్చింది. 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఏళ్ల తరబడి సచివాలయంలో మూలిగే ఫైళ్లకు ఇది మంచి మందే. అయితే ఆ 120 రోజులు మొదలవ్వాలంటే ముందు ఎవరో ఒకరు ఆధారాలు కూడగట్టి, నిందితులు ఫలానా పోలీసులని పేర్లు రాసి, అనుమతి కోరుతూ ప్రభుత్వానికి కాగితం పంపాలి. ఇప్పటికైతే ఆ కాగితం కదలాల్సింది పోలీసు శాఖ నుంచే.